ఏసీ కారుతోందా? ముందు వాటం చూడండి!

ఆగస్టు వచ్చిందంటే చాలు... గల్ఫ్‌లో మనవాళ్ల గదుల్లో ఒక బకెట్‌కు కొత్త పని పడుతుంది. గోడకు బిగించిన విండో ఏసీ కిందకు అది చేరుతుంది. రాత్రంతా టప్... టప్... టప్! బకెట్ నిండితే ఎవరో ఒకరు లేచి పారబోయాలి. ఎవరు లేవాలన్నదాని మీద వంతులు, అలకలు, చిన్నచిన్న గొడవలు. 'కంపెనీ ఏసీ... కారితే కారనీ, ఖల్లివల్లి' అని దుప్పటి ముసుగు తన్నేవాళ్లూ ఉంటారు.

ఆ టప్ టప్‌ను నేనూ చాలా ఏళ్లు తేలిగ్గానే తీసుకున్నా. 2018 ఆగస్టులో ఒక కుర్రాడి ప్రాణం మీదకు వచ్చేదాకా!

నాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, రెండేళ్లు ఊళ్లోనే చిన్నాచితకా పనులు చూసి, దుబాయ్ విమానం ఎక్కా. మొదట ఫోర్‌మన్ కింద హెల్పర్‌లాంటి పని, తర్వాత సైట్ సూపర్‌వైజర్. నా కింద ముప్పై మంది దాకా పనిచేసేవాళ్లు. అందులో సగం మంది మన తెలుగువాళ్లే. కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లు, కడప వాళ్లు, గోదావరి జిల్లాల వాళ్లు. వాళ్లందరి బస సోనాపూర్‌లో. నాదీ అదే క్యాంపు. కాకపోతే సూపర్‌వైజర్ల గదులు వేరే వరుసలో ఉండేవి. అదే నేను చేసిన పొరపాటుకు మొదలు. వాళ్లు ఎలా పనిచేస్తున్నారో రోజూ చూసేవాణ్ని గానీ, ఎలా పడుకుంటున్నారో ఒక్కరోజూ చూడలేదు.

పరంజా మీద కునుకు

ఆ రోజు గురువారం. ఉదయం పదిన్నర అయి ఉంటుంది. కోరుట్ల వైపు నుంచి వచ్చిన తమ్ముడొకడు రెండో అంతస్తు ఎత్తులో పరంజా మీద నిలబడి ఉన్నాడు. వయసు ఇరవై మూడో, ఇరవై నాలుగో. పైపు పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉంది, తల మాత్రం ముందుకు వాలిపోయింది. నిలబడే నిద్రపోతున్నాడు! బెల్టు కొక్కెం తగిలించుకుని ఉన్నాడు కాబట్టి సరిపోయింది. నా గుండె ఒక్క క్షణం ఆగింది. కిందికి దింపి నోటికి వచ్చినట్టు తిట్టా. 'రాత్రంతా ఫోన్ చూస్తారు, పొద్దున ఇక్కడ తూగుతారు' అన్నా. వార్నింగ్ లెటర్ ఇప్పిద్దామని డైరీలో వాడి పేరు కూడా రాసుకున్నా.

వాడు తల వంచుకునే జవాబిచ్చాడు.

"ఫోన్ కాదు సార్. నాలుగు దినాల సంది నిద్ర లేదు. ఏసీ నీళ్లు మీద పడుతున్నయ్. కింద పండుకుంటే అక్కడ గూడ తడే."

ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. పగటి ఎండ నుంచి కాపాడటానికి ఆ నిబంధన ఉంది, మరి రాత్రి నిద్రను కాపాడేదేది? 45 డిగ్రీల ఎండలో పనిచేసి వచ్చినవాడికి ఆ గదిలో ఏసీ ఒక్కటే దిక్కు. అదే వాడికి నిద్ర లేకుండా చేస్తోంది. వాడి మాట నిజమో అబద్ధమో చూద్దామని సాయంత్రం బస్సు దిగి నేరుగా వాళ్ల గదికి వెళ్లా.

మంచం పట్టుకుంటే జివ్వు...

గదిలో ఎనిమిది మంది. నాలుగు డబుల్ మంచాలు. గోడకు పైన విండో ఏసీ, దాని కింద మన తమ్ముడి పైమంచం. పరుపు మధ్యలో పెద్ద తడి మచ్చ, చుట్టూ నల్లటి బూజు. గోడ పెచ్చులు ఊడుతోంది. ముక్కు దగ్గర పెడితే తడిసిన గోనెసంచి వాసన. గదిలో పెద్దాయన కడప వైపు వాడు. ఇరవై ఏళ్లుగా గల్ఫ్‌లో ఉన్నవాడు. "ఏసీ అన్నాక కారకుండా ఉంటాదా నాయనా? ఈ రెండు నెలలు పోతే అదే ఆగిపోతాది" అన్నాడు.

అప్పుడు కంటపడింది అసలు ప్రమాదం. మంచం ఇనుప కాలికి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ తాడుతో కట్టి ఉంది. దానికి ఆరు ఫోన్ చార్జర్లు. పరుపు మీద పడిన నీళ్లు అంచు వెంట జారి, కాలి మీదుగా సరిగ్గా ఆ బాక్స్ మీదకు దిగుతున్నాయి. "మంచం పట్టుకుంటే అప్పుడప్పుడు జివ్వుమంటదన్నా" అన్నాడు ఇంకొకడు నవ్వుతూ. సైట్లో 'సార్', గదిలో 'అన్నా'. వాడి నవ్వు చూసి నాకు చెమట పట్టింది. జేబులో టెస్టర్ ఉంది. మంచం ఇనుముకు ఆనించా. ఎర్రగా వెలిగింది!

ఇక్కడి కరెంటు 230 వోల్టులు. ఒంటి మీద చెమట, కాళ్ల కింద తడి గచ్చు. నిద్రమత్తులో ఒకడు మంచం కమ్మీ గట్టిగా పట్టుకుని దిగితే చాలు. ఇంటికి పోయేది పెట్టె. గది లైనుకు కరెంటు లీకైతే పడిపోయే ఈఎల్‌సీబీ ఉందా అని చూస్తే, లేదు. వెంటనే మెయిన్ ఆఫ్ చేయించి, బాక్స్ విప్పేసి, మంచాన్ని గోడకు దూరంగా లాగించా.

ఆ నీళ్లు ఎక్కడివి?

పక్క వరుసలో భీమవరం అన్న ఉండేవాడు. ఏసీ టెక్నీషియన్. శుక్రవారం సెలవు రోజు ఆయన్ను బతిమాలి తీసుకొచ్చా. నేను మొదట అడిగింది అందరూ అడిగేదే. "అన్నా, ఏసీలో నీళ్ల పైపు ఏదైనా పగిలిందా?"

ఆయన నవ్వాడు. "ఏసీకి నీళ్ల పైపే ఉండదండీ. ఆ నీళ్లు మీ గదిలోవే, మీ గాలిలోవే."

తర్వాత ఆయన చెప్పినదీ, నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతా. గాలిలో కంటికి కనపడని ఆవిరి ఉంటుంది. 35 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 40 గ్రాముల ఆవిరిని మోయగలదు. అదే గాలి 10 డిగ్రీలకు చల్లబడితే 9 గ్రాములకు మించి మోయలేదు. మిగతాది నీళ్లుగా మారి పడిపోవాల్సిందే. చల్లటి మజ్జిగ గ్లాసు బయట చెమట పట్టినట్టు ఏసీ లోపలి కాయిల్‌కు చెమట పడుతుంది. అంతే సంగతి.

గల్ఫ్ తీరంలో ఆగస్టు, సెప్టెంబరు నెలల గాలి అంటే తడిబట్టే. 2003 జూలై 8న సౌదీలోని దహ్రాన్‌లో గాలిలోని తేమ ప్రపంచ రికార్డుగా చెప్పుకునే స్థాయికి చేరింది. దానికి తోడు గదిలో మనం. నిద్రపోతున్న ఒక్కో మనిషి శ్వాసలో, చెమటలో రాత్రికి గ్లాసుకు పైనే నీళ్లు గాలిలో కలుపుతాడు. ఎనిమిది మందికి లెక్క వేసుకోండి. గదిలో తాడు కట్టి ఆరేసిన పని బట్టలు, మూలన ఉడికే అన్నం సంగతి సరేసరి. ఇలాంటి గదిలో ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు లీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే నీళ్లు తీస్తుంది.

అసలు ఈ యంత్రం పుట్టిందే గాలిలో నీళ్లు తీయడానికి. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో తేమకు కాగితం సాగిపోయి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడేవి కావు. దానికి విరుగుడుగా విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీరు తయారుచేసిన ఏర్పాటే నేటి ఏసీలకు మూలం. కాబట్టి ఏసీలో నీళ్లు రావడం రోగం కాదు. రాకపోతేనే అనుమానించాలి. ఆ నీళ్లు బయటికి పోకుండా లోపలికి రావడమే రోగం.

మరి బయటికి ఎలా పోతాయి? లోపలి కాయిల్ కింద ఒక తొట్టిలాంటి ట్రే ఉంటుంది. చుక్కలు అందులో పడి, కింది కాలువ గుండా ఏసీ వెనక భాగానికి పారతాయి. చాలా ఏసీల్లో వెనక ఫ్యాను అంచుకు ఒక చక్రం లాంటి కట్టు ఉంటుంది. అది ఆ నీళ్లను చిమ్మి వెనక ఉన్న వేడి కాయిల్ మీద చల్లుతుంది. కాయిల్ చల్లబడుతుంది, నీళ్లు ఆవిరైపోతాయి. ఏసీలో 'బుడబుడ' చప్పుడు వస్తే భయపడొద్దు, అది ఈ చక్రం పనే. తేమ ఎక్కువైన రోజుల్లో మిగిలిపోయిన నీళ్లు వెనక ఉన్న రంధ్రం నుంచి బయట పడతాయి. ఈ దారిలో ఎక్కడ అడ్డుపడినా నీళ్లు వెనక్కి తిరిగి మన పరుపు మీదకే వస్తాయి.

మా గదిలో ఒక అడ్డు కాదు, మూడున్నాయి!

మొదటి దొంగ... జాలీ

ప్లగ్ పీకి, ముందు గ్రిల్ తీశాం. లోపల ఫిల్టర్ జాలీ జాలీలా లేదు, గొంగళిలా ఉంది. ఇసుక దుమ్ము, బట్టల నూగు, వంట నూనె జిడ్డు కలిసి అట్టకట్టింది. దాని వెనక కాయిల్ మీద తెల్లగా మంచు! కుర్రాళ్లు 'చల్లదనం బాగుంది' అనుకున్నారు. భీమవరం అన్న తల కొట్టుకున్నాడు. "గాలి ఆడకపోతే కాయిల్ మీది చెమట గడ్డకట్టేస్తుందండీ. ఏసీ ఆపగానే అదంతా ఒక్కసారే కరిగి ట్రే పొర్లిపోతుంది. అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు బడబడా కారేది అందుకే."

జాలీని కుళాయి కింద పెట్టి, సబ్బునీళ్లతో మెల్లగా కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి బిగించాం. మంచు కరిగేదాకా ఏసీ ఆపి ఉంచాం. ఇది ఎవరైనా చేసుకోవచ్చు. ఇసుక గాలులు వీచే రోజుల్లో రెండు వారాలకోసారి కడిగితే సగం రోగాలు రావు. ఏసీని 16లో పెడితే గది తొందరగా చల్లబడుతుందనేది మన భ్రమ. చల్లబడే వేగం అంతే ఉంటుంది. మిషన్ మాత్రం ఆగకుండా తిరిగి, జాలీ మూసుకుపోయి ఉంటే మంచు పట్టే అవకాశం పెరుగుతుంది. 24 దగ్గర పెట్టి, ఫ్యాను వేగం ఎక్కువలో ఉంచితే నిద్రకు చాలు.

జాలీ కడిగాక నీళ్లు తగ్గాయి. ఆగలేదు.

రెండో దొంగ... వాటం

ఇక్కడ నేను సిగ్గుపడాలి. తాపీ పనిలో మొదటి పాఠం వాటం. బాత్రూం గచ్చు వేసినా, మేడ మీద కాంక్రీటు పోసినా, నీళ్లు ఎటు పోవాలో అటు కొంచెం పల్లం ఇస్తాం. సైట్లో రసమట్టం పెట్టి, వాటం తేడా వస్తే వేసిన గచ్చు పగలగొట్టించిన రోజులున్నాయి. అలాంటివాణ్ని, ఏసీకి కూడా వాటం ఉంటుందని ఆలోచించలేదు. నీరు పల్లమెరుగు అని ఊరికే అన్నారా!

గదికి పోయి రసమట్టం తెచ్చి ఏసీ పైన ముందు నుంచి వెనక్కి పెట్టా. లోపలి బుడగ వెనక్కి పరిగెత్తింది. అంటే వెనక భాగం ఎత్తు, ముందు భాగం పల్లం. "అదేంటండీ బాబూ, గదిలోకి తొంగి చూస్తున్నట్టు ఉంది మీ ఏసీ!" అన్నాడు భీమవరం అన్న.

బయటికి వెళ్లి చూశాం. గది కింది అంతస్తులోనే కాబట్టి వెనక భాగం అందుతోంది. అంతకుముందు ఏసీ మార్చినప్పుడు ఎవరో గడగడ చప్పుడు రాకుండా వెనక వైపు ప్లైవుడ్ ముక్క ఒకటి దోపారు. చప్పుడు ఆగింది. నీళ్లు తిరగబడ్డాయి.

మామూలుగా విండో ఏసీ వెనక్కి పావు అంగుళం నుంచి అరంగుళం దాకా వాలి ఉండాలి. కొన్ని మోడళ్లలో ట్రేకే లోపల వాటం ఇచ్చి ఉంటారు, అవి సమంగా పెట్టాలి. ఏసీతో వచ్చిన పుస్తకంలో ఏముంటే అదే ఖాయం. ఎక్కువ వాలిస్తే ఇంకా మంచిదనుకోవద్దు, అతి వాటం కూడా మిషన్‌కు మంచిది కాదు. రసమట్టం లేకపోతే సగం నీళ్లున్న చిన్న ప్లాస్టిక్ సీసాను అడ్డంగా పడుకోబెట్టి చూడండి. లోపలి నీళ్ల గీత ఎటు పైకి ఎక్కితే అటు పల్లం. ఇప్పుడు ఫోన్లలో కూడా మట్టం చూసే ఆప్‌లు ఉన్నాయి.

చూడటం వరకే మన పని. ఏసీని కదిలించడం వేరు. ఒకటిన్నర టన్నుల విండో ఏసీ 50 కిలోల దాకా తూగుతుంది. పై అంతస్తుల్లో పట్టు తప్పితే కింద నడిచే మనిషి మీద పడుతుంది. అందుకే మేం కూడా శుక్రవారం దాన్ని ముట్టుకోలేదు. క్యాంప్ బాస్‌కు చెప్పాం. శనివారం సాయంత్రం మెయింటెనెన్స్ వాళ్లు ఇద్దరు వచ్చారు. వాళ్లు, భీమవరం అన్న కలిసి వెనక ప్లైవుడ్ ముక్క తీసి, ముందు వైపు గట్టి రబ్బరు ముక్కలు పెట్టారు. మళ్లీ రసమట్టం పెట్టా. ఈసారి బుడగ ముందుకు వచ్చింది.

మూడో దొంగ... మట్టి

ఇక అయిపోయిందనుకున్నాం. ఏసీ వేసి గంట చూశాం. లోపల ఒక్క చుక్క లేదు... బయటా లేదు! అందరూ సంతోషించారు గానీ భీమవరం అన్న ఊరుకోలేదు. "ఇంత ఉక్కలో బయట చుక్క పడటం లేదంటే నీళ్లు లోపలెక్కడో నిలుస్తున్నాయన్నమాట. తెల్లారేసరికి మళ్లీ పొర్లుతాయి" అన్నాడు. ఏసీ ఆపి, ప్లగ్ పీకి, వెనక అడుగున ఉన్న రంధ్రం వెతికాడు. అది రంధ్రంలా లేదు, పూడ్చిన బొరియలా ఉంది. ఇసుక, పాచి కలిసి సిమెంటులా బిగుసుకుంది. మెత్తటి ప్లాస్టిక్ కేబుల్ ముక్కతో మెల్లగా కదిపాడు. పిడికెడు నల్ల బురద, దాని వెనకే బుడుంగున నీళ్లు. రెండు చెంబులకు తక్కువ ఉండవు. ఆ కంపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ రాత్రి బకెట్ ఖాళీగా ఉంది. కడప పెద్దాయన రెండుసార్లు లేచి టార్చి వేసి చూశాడట. "ఇరవై ఏండ్లు నీళ్లు పారబోసినా గదా నాయనా" అన్నాడు పొద్దున.

ఎప్పుడు కారుతోంది?

మీ గదిలో ఏసీ కారుతుంటే ముందు ఎప్పుడు, ఎక్కడ అని చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఏసీ నడుస్తున్నంత సేపూ ఆగకుండా కారుతుంటే, బయట చుక్క పడకపోతే... వాటం గానీ, వెనక రంధ్రం గానీ చూడాలి.

ఏసీ ఆపిన తర్వాత బడబడా కారుతుంటే... మంచు పడుతోంది. జాలీ కడగండి. జాలీ శుభ్రంగా ఉన్నా మంచు పడుతుంటే కాయిల్ మురికి పట్టి ఉండొచ్చు, ఫ్యాను సరిగా తిరగకపోవచ్చు, లేదా గ్యాస్ తగ్గి ఉండొచ్చు. టెక్నీషియన్‌ను పిలవాల్సిందే. ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. గ్యాస్ పెట్రోల్‌లాగా వాడితే అయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. లీకు మూయకుండా గ్యాస్ నింపించుకుంటే డబ్బులు గాలికే.

ముందు గ్రిల్ మీద చెమట పట్టి చుక్కలు రాలుతుంటే... ఏసీ చుట్టూ సందుల నుంచి బయటి ఉక్క గాలి లోపలికి వస్తోంది. గోడకు, ఏసీకి మధ్య స్పాంజి పట్టీ ఊడిపోయి ఉంటుంది. సందులు మూయించండి. తలుపు తీసి ఉంచి ఏసీ వేసినా ఇదే జరుగుతుంది.

ఇవేవీ కాకుండా కారుతుంటే ట్రే తుప్పు పట్టి చిల్లు పడి ఉండొచ్చు. మార్చడమే మార్గం.

ఫిర్యాదు ఇలా రాయండి

గది, ఏసీ, కరెంటు బాగోగులు చూడటం యాజమాన్యం పని. కార్మికుల వసతికి ప్రమాణాలు నిర్ణయిస్తూ యూఏఈ మంత్రివర్గం 2009లోనే తీర్మానం చేసింది. మనం అడిగేది దయ కాదు. అయితే ఎలా అడుగుతున్నామన్నది ముఖ్యం.

మా కుర్రాళ్లు క్యాంపు రిజిస్టర్‌లో మూడుసార్లు ఫిర్యాదు రాశారు. మూడుసార్లూ ఒకటే మాట... 'ఏసీ పని చేయడం లేదు'. మెయింటెనెన్స్ మనిషి పగలు వచ్చాడు. స్విచ్ వేశాడు. చల్లగాలి వచ్చింది. 'పనిచేస్తోంది' అని రాసి వెళ్లిపోయాడు. ఆయన తప్పు ఎంతో, మన రాత తప్పు కూడా అంతే! గురువారం రాత్రి నేను రాసింది ఇది: 'ఏసీ నీళ్లు గది లోపల కరెంటు బాక్స్ మీద పడుతున్నాయి. మంచానికి కరెంటు వస్తోంది. ప్రమాదం.' ఆ రాత్రే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. తడి బాక్స్ పారేసి, గోడకు దూరంగా ఎత్తులో కొత్త సాకెట్ పెట్టాడు. వారంలో ఆ వరుస గదులన్నిటికీ ఈఎల్‌సీబీలు వచ్చాయి.

కాబట్టి 'ఏసీ బాగాలేదు' అని రాయొద్దు. నీళ్లు ఎక్కడ పడుతున్నాయి, ఎప్పటి నుంచి, దగ్గరలో కరెంటు ఏముంది... ఇవి రాయండి. తేదీ వేయండి. ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఇంగ్లిష్ రాకపోతే గదిలో వచ్చినవాళ్లతో రాయించండి. 'బుక్రా' అన్నవాడికి మర్నాడు అదే ఫొటో చూపించి గుర్తుచేయండి.

ఇవి మాత్రం చేయొద్దు

- కారుతున్న ఏసీ కింద ఎక్స్‌టెన్షన్ బాక్స్, చార్జర్, ఐరన్ బాక్స్ ఏవీ ఉంచొద్దు. ఏసీని ఎక్స్‌టెన్షన్ వైరు మీద నడపొద్దు.
- మంచం, గోడ, ఏసీ గ్రిల్ ముట్టుకుంటే జివ్వుమంటే నవ్వేసి ఊరుకోవద్దు. మెయిన్ ఆపి వెంటనే చెప్పండి.
- స్విచ్ ఆపితే చాలదు. ప్లగ్ పీకాకే గ్రిల్ తీయండి. తడి చేతులతో వద్దు.
- నీళ్లు పోవడానికి ట్రేకు మేకుతో చిల్లు కొట్టొద్దు. పక్కనే గ్యాస్ గొట్టాలుంటాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది.
- కాయిల్ మంచును స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు. ఆపి ఉంచితే అదే కరుగుతుంది. కాయిల్ రేకులు బ్లేడుల్లా ఉంటాయి, చేతులు జాగ్రత్త.
- ఏసీ నీళ్లు చూడటానికి తేటగా ఉంటాయి. తాగొద్దు. దుమ్ము, లోహం, పాచి అన్నీ అందులో ఉంటాయి.

తాగకూడదు గానీ, మొక్కలకు పోయొచ్చు. మెయింటెనెన్స్ వాళ్లు వెనక రంధ్రానికి చిన్న పైపు తగిలించి వెళ్లాక, దాని కింద మా కుర్రాళ్లు ఖాళీ పెయింట్ బకెట్ పెట్టి మట్టి నింపారు. ఎవరో ఊరి నుంచి తెచ్చుకున్న గోంగూర విత్తనాలు చల్లారు. ఒక పూట పప్పులోకి సరిపడా ఆకు వచ్చింది. ఎనిమిది మందికీ తలా రెండు ముద్దలు. అయినా ఆ రోజు ఆ గదిలో పండగే.

డైరీలో రాసుకున్న ఆ తమ్ముడి పేరును ఆదివారం పొద్దున్నే కొట్టేశా. వాడికి ఆ సంగతి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. పరంజా మీద వాడు జారిపడి ఉంటే రిపోర్టులో 'కార్మికుడి అజాగ్రత్త' అనే రాసేవాళ్లం. రాసేది నేనే, సంతకం నాదే. ఏసీ వెనక దోపిన ప్లైవుడ్ ముక్క గురించి అందులో ఒక్క అక్షరమూ ఉండేది కాదు.

అప్పటి నుంచి పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో హెల్మెట్, బూట్లు, బెల్టు చూసే ముందు ఒక మాట అడుగుతున్నా.

"రాత్రి నిద్ర పట్టిందా?"

ఎవరైనా తల దించుకుంటే, ఆ సాయంత్రం వాళ్ల గదికి వెళ్తా. చేతిలో రసమట్టం, జేబులో టెస్టర్ పెట్టుకుని.